ఆ టీసీ మీద సంతకం నాదే: పాఠశాల విద్యాశాఖకు, జిల్లా కలెక్టర్లకు ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, జిల్లా కలెక్టర్లకు నమస్కారాలు.

ఉత్తరాంధ్రలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై రెండేళ్లు పనిచేసి, అందులో చివరి తొమ్మిదేళ్లు ప్రధానోపాధ్యాయురాలిగా ఉండి పదవీ విరమణ చేసినదాన్ని. ఏటా జూన్ 26న మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు మా బడి పిల్లల చేతికి అట్టలిచ్చి, ఊరంతా తిప్పి, ప్రతిజ్ఞ చేయించి, ఆ ఫొటోలు పై అధికారులకు పంపించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ఊరేగింపులతో ఏం జరిగింది, ఏం జరగలేదు అన్నది ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తుంటే, గంజాయి పొట్లం బడిలోకి ఎలా వచ్చిందన్న దాని మీద మనం ఎంత మాట్లాడుకున్నా, ఆ పొట్లంతో దొరికిన పిల్లవాడు ఆ మరునాటి నుంచి ఎక్కడ ఉంటున్నాడన్నది మాత్రం ఒక్కరమూ అడగలేదని తోస్తోంది. ఈ లేఖ ఆ ఒక్క సంగతి గురించే.

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక డిసెంబరు ఉదయం, మరుగుదొడ్ల వెనక గోడ దగ్గర తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు గంజాయి పొట్లంతో వ్యాయామ ఉపాధ్యాయుడికి దొరికాడు. చిటికెడు ఉంటుంది, అంతే. అంతకు ముందు రెండు నెలలుగా వాడు సగం రోజులు బడికి రావడం లేదు, వచ్చిన రోజు చివరి బెంచీలో తల వాల్చి పడుకునేవాడు, లేపితే కళ్లెర్రజేసేవాడు. వారం కిందటే ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి డబ్బుల కోసం కొట్టి పెదవి పగలగొట్టాడు. ఇవన్నీ మాకు తెలుసు. తెలిసీ, ఒక్కొక్క దాన్నీ విడివిడిగా చూశాం: హాజరు తక్కువ, చదువు మీద శ్రద్ధ లేదు, అల్లరి ఎక్కువ. అన్నీ కలిపి చూడాల్సిన బాధ్యత నాది, నేను చూడలేదు.

ఆ సాయంత్రం స్టాఫ్ రూములో జరిగిన చర్చ అరగంట కూడా సాగలేదు. పోలీసులకు చెబితే బడి పేరు పేపర్లోకి ఎక్కుతుందన్నారు ఒకరు. చెప్పకపోతే రేపు మరో పిల్లవాడి దగ్గర దొరికితే మన మెడకు చుట్టుకుంటుందన్నారు ఇంకొకరు. పదో తరగతి ఫలితాలు, వచ్చే ఏడాది అడ్మిషన్లు, పక్క ఊళ్లో కొత్తగా వెలిసిన ప్రైవేటు బడి, అన్నీ ఆ అరగంటలోనే చర్చకు వచ్చాయి. పిల్లవాడి ప్రస్తావన తక్కువే వచ్చింది. చివరికి తేలిందేమిటంటే, వాడి తల్లిని పిలిపించి, టీసీ ఇచ్చి పంపించేయాలి. బెల్లం గానుగ దగ్గర పనికి వెళ్లే మనిషి, చేతులకు అంటిన బెల్లప్పాకం మరకలైనా పూర్తిగా కడుక్కోకుండా పరుగున వచ్చింది. "బడిలోంచి తీసేత్తే ఆడేటైపోతాడమ్మా?" అని ఒక్క మాట అడిగింది. నా దగ్గర జవాబు లేదు, కాగితం మాత్రం సిద్ధంగా ఉంది. ఆ కాగితంలో బడి మానడానికి కారణం రాసే గడిలో "తల్లిదండ్రుల కోరిక మేరకు" అని నా చేతి రాతతోనే రాసి, దాని కింద సంతకం చేశాను.

ఆ గడిలో నేను రాసింది అబద్ధం. ఇలాంటి అబద్ధం రాసిన ప్రధానోపాధ్యాయులు నాతో సర్వీసు చేసిన వాళ్లలో నాకు తెలిసిన వాళ్లే ఎందరో ఉన్నారు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు.

2009 నాటి విద్యా హక్కు చట్టం పదహారో సెక్షన్ ప్రకారం ప్రాథమిక విద్య పూర్తయ్యే దాకా, అంటే ఎనిమిదో తరగతి ముగిసే దాకా, ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి వెళ్లగొట్టకూడదు. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవాళ్లను అదే తరగతిలో ఉంచే వెసులుబాటు రాష్ట్రాలకు ఇచ్చారు తప్ప, వెళ్లగొట్టకూడదన్న మాటను మాత్రం తీయలేదు. ఎనిమిదో తరగతి దాటగానే ఆ రక్ష తొలగిపోతుంది. గంజాయి, గుట్కా, మత్తు బిళ్లలు, ముఠా తగాదాలు మా పిల్లల్ని ఎక్కువగా పట్టుకునేది సరిగ్గా ఆ తొమ్మిది, పది తరగతుల్లోనే. చట్టం చేయి వదిలే వయసు, దళారి చేయి పట్టుకునే వయసు ఒకటే కావడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, ఆ ఖాళీని ఒక శాఖాపరమైన ఉత్తర్వుతో పూడ్చడానికి ఏ కొత్త చట్టమూ అక్కరలేదు.

ప్రధానోపాధ్యాయులు టీసీ వైపు ఎందుకు పరుగెత్తుతారో మీకు తెలియాలంటే, దొరికిన ఆ గంటలో వాళ్ల ముందు ఏమేం ఉంటాయో చూడాలి. రెండే దార్లు కనిపిస్తాయి. ఒకటి, పోలీసు స్టేషను. రెండోది, గప్‌చుప్‌గా సర్దేయడం. పోలీసులంటే పిల్లవాడి మీద కేసు పడుతుందని, వాడి బతుకు అక్కడితో ముగిసిపోతుందని భయం. నిజానికి ఆ భయంలో సగం తెలియకపోవడం వల్ల వచ్చిందే. బాలల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నియమాల్లో ఎనిమిదో నియమం ప్రకారం, ఘోర నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమైతేనో తప్ప పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద ఎఫ్ఐఆర్ నమోదు చేయనక్కరలేదు. స్టేషను డైరీలో రాసుకుని, పిల్లవాడి కుటుంబ పరిస్థితి వివరాలతో బాలల న్యాయ మండలికి పంపిస్తారు. పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, వాళ్ల పేరు గానీ, బడి పేరు గానీ పత్రికల్లో రాకూడదు. మత్తుకు అలవాటుపడి, తక్కువ పరిమాణంలో దొరికిన మనిషి తానుగా చికిత్సకు సిద్ధపడితే కేసు విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 64ఏ మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. ముప్పై రెండేళ్ల సర్వీసులో, ఎన్నో శిక్షణ తరగతుల్లో కూర్చున్న నాకు, ఈ సంగతులు ఒక్క శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. పదవీ విరమణ చేశాక, ఆ పిల్లవాడి గొడవ మనసులోంచి పోక, నేను కూర్చుని చదువుకున్నాను.

కాబట్టి నేను కోరేది మూడో దారి. దొరికిన రోజునే ప్రధానోపాధ్యాయుడు ఫోను చేయగలిగిన మనిషి ఒకరు, పేరుతో సహా, మండలానికి ఒకరు ఉండాలి. ఆ మనిషి వచ్చి పిల్లవాడితో, తల్లితో విడిగా మాట్లాడి, ఆసుపత్రికి తీసుకెళ్లాలా, బాలల సంక్షేమ కమిటీకి చెప్పాలా, ఊరికే పది రోజులు కనిపెట్టి ఉంటే సరిపోతుందా అన్నది తేల్చాలి. మద్యపాన, మాదకద్రవ్యాల విముక్తికి జాతీయ ఫోను నంబరు 14446 ఉంది, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416 ఉంది, పిల్లల కోసం 1098 ఉంది, రాష్ట్రంలో 2024 నవంబరులో ఏర్పాటైన ఈగల్ అనే మాదకద్రవ్యాల నిరోధక పోలీసు విభాగానికి 1972 ఉంది. నంబర్లకు కొదవ లేదు. బడి గోడ మీద అన్నీ రంగులతో రాయించాం కూడా. కానీ పద్నాలుగేళ్ల పిల్లవాడు తాను చిక్కుకున్న సంగతి చెప్పుకోవడానికి ఎవరి ఫోనుతో, ఎక్కడ నిలబడి ఆ నంబరు కొడతాడో ఒక్కసారి ఊహించండి. వాడి ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది తండ్రి జేబులో ఉంటుంది.

పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 2020లో మొదలైనప్పుడు ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయుల్ని ఆరోగ్య రాయబారులుగా పెట్టమన్నారు. పదకొండు అంశాల్లో మత్తు పదార్థాల నివారణ ఒకటి, హింస నుంచి భద్రత ఒకటి. ఆలోచన మంచిదే. అమలులో జరిగేదేమిటంటే, లెక్కల మాస్టారికీ, హిందీ టీచరుకూ ఆ బాధ్యత రాస్తారు, కొద్ది రోజుల శిక్షణ ఇస్తారు, ఆ పైన పిరియడ్లు ఏమీ తగ్గవు. నా హయాంలోనైతే పదో తరగతి లెక్కలు చెప్పే మనిషి మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్ల ఫొటో, హాజరు, పుస్తకాల లెక్క అన్నీ యాప్‌లలోకి ఎక్కించాక, మిగిలిన పదిహేను నిమిషాల్లో ఒక పిల్లవాడి మనసు విప్పించాల్సి వచ్చేది. మరుగుదొడ్డి ఫొటో పెట్టకపోతే మధ్యాహ్నానికల్లా మెమో వచ్చేది గానీ, ఒక పిల్లవాడు ఇరవై రోజులుగా బడికి రాలేదని ఏ యాప్ నుంచీ నాకు మెమో రాలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన దగ్గర మత్తు అనగానే గంజాయి ఒక్కటే గుర్తొస్తుంది, దానికి కారణమూ ఉంది. చింతపల్లి నుంచి లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగే దారి, పాడేరు నుంచి మాడుగుల మీదుగా చోడవరం వచ్చే దారి మా వైపు పిల్లలకు కొత్త కాదు. మన్యంలో పంట నరికించి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలకు పైగా గంజాయిని తగలబెట్టినప్పుడు ఆ పొగ గురించి మా పిల్లలు వారం రోజులు మాట్లాడుకున్నారు. కానీ బడి వయసులో మత్తు అలవాటు అన్నిసార్లూ గంజాయితోనే మొదలు కాదు. సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 14న ఇచ్చిన తీర్పులో పిల్లల్లో మత్తు పదార్థాల వాడకంపై దేశవ్యాప్త సర్వే చేయాలని, బడి పాఠాల్లో ఈ విషయం చేర్చాలని ఆదేశించింది. తరవాత 2019లో ఎయిమ్స్ వైద్యులు ప్రకటించిన జాతీయ సర్వేలో తేలిన ఒక సంగతి ప్రతి ప్రధానోపాధ్యాయుడి గదిలో రాసి పెట్టదగ్గది: పెద్దవాళ్లలో కంటే పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఒక్కటే, అది వాసన పీల్చే మత్తు. పెద్దల్లో 0.58 శాతం ఉంటే పిల్లల్లో 1.17 శాతం. అంటే వైట్నరు, పంక్చరు సొల్యూషను, రంగుల్లో కలిపే థిన్నరు. ఇవేవీ గంజాయిలా దాచి అమ్మే సరుకులు కావు. సైకిలు షాపులో పదో ఇరవయ్యో పెడితే దొరుకుతాయి, ఏ పోలీసు కుక్కా వాటిని పసిగట్టదు. వాటిని పట్టగలిగేది పిల్లవాడి పక్కనే నిలబడి వాడి చొక్కా చేతి అంచు వాసన గమనించే టీచరు ఒక్కరే.

అన్నిటికంటే ముందుది మద్యం. బెల్టు షాపులు ఎవరు నడుపుతారో, ఎవరి అండతో నడుపుతారో ఊళ్లో అందరికీ తెలుసు, పైవాళ్లకూ తెలుసు. సాయంత్రం బడి విడిచాక తండ్రి చేతికిచ్చిన డబ్బులతో ఆరో తరగతి పిల్లవాడు అక్కడికి వెళ్లి సీసా తెస్తాడు. ఆ దారి వాడికి తండ్రే చూపించాడు. బెల్టు షాపులు ఉన్న ఊళ్లో, బడిలో మత్తు వద్దని ప్రతిజ్ఞ చేయించడానికి నాకు చివరి ఏళ్లలో నోరు రాలేదు.

వంద గజాల మాట కూడా చెబుతాను. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం విద్యాసంస్థలకు వంద గజాల లోపల సిగరెట్లు, గుట్కా అమ్మకూడదు, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు ఎక్కడా అమ్మకూడదు. మా బడి గోడ మీద పసుపు రంగు గీత గీసి, దాని కింద ఈ మాట రాయించాం. గీతకు ఎదురుగానే బడ్డీ ఉంది. ఆ సెక్షన్ కింద జరిమానా గరిష్ఠంగా రెండు వందల రూపాయలు. ఏడాదికొకసారి తనిఖీ వచ్చి రెండు వందలు కట్టించుకుని వెళ్లిపోతే, ఆ దుకాణదారుకు అది చందా ఇచ్చినంత తేలిక. కానీ 2015 బాలల న్యాయ చట్టం డెబ్బై ఏడో సెక్షన్ ప్రకారం, వైద్యుడి చీటీ లేకుండా పిల్లలకు మద్యం, పొగాకు, మత్తు పదార్థం ఏది ఇచ్చినా ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. డెబ్బై ఎనిమిదో సెక్షన్, పిల్లల చేత మద్యం గానీ, మత్తు పదార్థాలు గానీ అమ్మించినా, మోయించినా అదే శిక్ష అంటుంది. మాదకద్రవ్యాల చట్టంలోనైతే, నేరం బడిలో గానీ బడి చుట్టుపక్కల గానీ జరిగిందంటే, కనీస శిక్ష కంటే ఎక్కువ వేయడానికి కోర్టు దాన్నొక కారణంగా తీసుకోవచ్చు. ఏడేళ్ల చట్టం చేతిలో ఉండగా రెండు వందల రసీదు పుస్తకం పట్టుకుని బడి చుట్టూ ఎందుకు తిరుగుతున్నారని అడగడం నా వయసుకు తగిన ప్రశ్నేననుకుంటాను. 2024 జనవరిలో తెలంగాణలోని కొత్తూరులో ప్రభుత్వ పాఠశాల పిల్లలు బడి దగ్గరి దుకాణంలో కొన్న చాక్లెట్లలో గంజాయి ఉందని బయటపడినప్పుడు అందరం ఉలిక్కిపడ్డాం. అది బయటపడింది కూడా పిల్లలు తరగతిలో వింతగా ప్రవర్తిస్తున్నారని గమనించబట్టే.

డెబ్బై ఎనిమిదో సెక్షన్‌ను మా వైపు మరీ గుర్తుంచుకోవాలి. ఒక ట్రిప్పుకు ఇంత అని చేతిలో పెట్టి, సంచీ మోయమనో, బండి మీద ముందు వెళ్లి పోలీసులున్నారేమో చూసి రమ్మనో పంపే పిల్లలు దొరికితే, వార్తల్లో వాళ్లు స్మగ్లర్లు. చట్టం దృష్టిలో, ఆ పని చేయించినవాడు నేరస్థుడు, పిల్లవాడు వాడి చేతిలో చిక్కినవాడు. బడి నుంచి పేరు తీసేసిన పిల్లలే ఆ బండెక్కడానికి అందరికంటే ముందు దొరుకుతారని నేను వేరే చెప్పాలా?

రాత్రి సంగతి కూడా చూడండి. నాలుగు దాటాక బడి తాళం వేసి మేం ఇళ్లకు వెళ్లిపోతే, తెల్లారి తొమ్మిది దాకా ఆ ఆవరణ ఎవరిది? సోమవారం ఉదయం ప్రార్థన మొదలయ్యే ముందు వరండాలో సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, పేకముక్కలు ఏరడం మా స్వీపరమ్మకు అలవాటే, ఆమె రాని రోజు పిల్లలే ఏరేవారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె పగిలిన సీసా ముక్క గుచ్చుకుని చేయి కోసుకుంటే, కట్టు కట్టించి పంపాను తప్ప అదొక ఫిర్యాదు చేయవలసిన విషయమని నాకు తట్టనే లేదు. బడులు బాగుచేసే నాడు-నేడు పథకం కింద ప్రహరీలు కట్టించినప్పుడు చాలా సంతోషించాం. అయితే గోడ ఎంత ఎత్తు కట్టినా కాపలా మనిషి లేకపోతే అది లోపల కూర్చున్నవాళ్లకే చాటు అవుతుంది. 2023లో ఉన్నత పాఠశాలలకు నెలకు ఆరు వేల రూపాయల గౌరవ వేతనంతో రాత్రి కాపలాదారుల్ని పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆరు వేలకు ఒక్క మనిషి, రాత్రంతా, ఊరి పెద్దల కొడుకులు తాగడానికి వస్తే బయటికి పొమ్మనాలి! ఆ మనిషికి కనీస వేతనం ఇవ్వండి, పక్కన రెండో మనిషిని ఇవ్వండి, రాత్రి గస్తీ పోలీసు బడి గేటు దగ్గర ఆగి సంతకం పెట్టే పుస్తకం ఒకటి పెట్టించండి. సీసీ కెమెరాలు కావాలని నేను అడగను. కెమెరాలో సీసా కనబడుతుంది, కానీ తెల్లవారి దాన్ని ఏరే చేయి పిల్లదే.

హింస గురించి మాట్లాడితే వెంటనే బెత్తం గుర్తుచేసే ఉపాధ్యాయులు ఉన్నారు. కొట్టకూడదనబట్టే భయం పోయిందని, భయం పోబట్టే గంజాయి వచ్చిందని వాళ్ల వాదన. 2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక ప్రధానోపాధ్యాయుడు పిల్లల్ని దారిలో పెట్టలేకపోతున్నానని వాళ్ల ముందే గుంజీళ్లు తీసిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. ఆ బాధ నాకు పరాయిది కాదు. అయినా విద్యా హక్కు చట్టం పదిహేడో సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించడం సరైనదేనని నా నమ్మకం. నా మొదటి పదేళ్లలో బెత్తం వాడాను. దెబ్బలు తిన్న పిల్లలు మధ్యాహ్నం విరామంలో చిన్న తరగతుల పిల్లల్ని కొట్టడం కళ్లారా చూసి మానేశాను. బెత్తం తీసేసినప్పుడు దాని స్థానంలో ప్రభుత్వం ఏమీ పెట్టలేదన్నది మాత్రం ఆ ఉపాధ్యాయుల వాదనలో ఉన్న నిజం. ఏమీ పెట్టకపోవడం వల్లనే ఆ ప్రధానోపాధ్యాయుడు తన చెవులు తానే పట్టుకోవలసి వచ్చింది.

ఫిర్యాదుల పెట్టెలు పెట్టమన్నారు, పెట్టాం. తాళం చెవి నా బల్ల సొరుగులోనే ఉండేది. నా మీద గానీ, నా తోటి ఉపాధ్యాయుడి మీద గానీ చెప్పుకోవాల్సిన పిల్ల అందులో కాగితం వేస్తుందా? ఆ చెవిని గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు దగ్గరో, పాఠశాల యాజమాన్య కమిటీలోని ఒక తల్లి దగ్గరో ఉంచి, వారానికొకసారి బడి మనిషి లేకుండా తెరిపించవచ్చు. ఖర్చు ఏమీ లేదు. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఇప్పటికి వాళ్లకు మేం పెట్టిన పని చాలావరకు తీర్మానాల కింద వేలిముద్రలు.

విద్యాసంస్థల్లో ఇప్పుడు ఈగల్ క్లబ్బులు పెడుతున్నారు. ఉద్దేశాన్ని శంకించను, ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. పిల్లల చేత పిల్లల మీద నిఘా పెట్టించవద్దు. ఎవరు తాగుతున్నారో మాకు చెప్పమని పదమూడేళ్ల పిల్లను అడిగితే, చెప్పినందుకు ఆమె బడి బయట దెబ్బలు తినవచ్చు, చెప్పనందుకు బడి లోపల చిన్నబోవచ్చు. ఆ క్లబ్బులో చేరిన పిల్లలకు నేర్పాల్సింది, తోటివాడు చిక్కుల్లో ఉన్నాడని తెలిస్తే నమ్మదగిన పెద్దమనిషి ఒకరి దగ్గరికి వాణ్ణి చేయిపట్టుకుని తీసుకెళ్లడం. ఆ పెద్దమనిషి ముందు ఉండాలి గదా, అన్నది మళ్లీ మూడో దారి దగ్గరికే వస్తుంది.

నా కోరికలు ఎక్కువేమీ కావు. మొదటిది, ఎనిమిదో తరగతి తరవాత కూడా, మత్తు పదార్థాలు గానీ కొట్లాట గానీ కారణంగా ఏ పిల్లవాడికీ జిల్లా విద్యాశాఖాధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా టీసీ ఇవ్వకూడదని ఉత్తర్వు ఇవ్వండి. అనుమతి ఇచ్చే ముందు ఆ పిల్లవాడు ఎక్కడ చేరుతున్నాడో, చేర్చుకుంటున్న బడి ఏదో ఆ కాగితంలో ఉండాలి. దొరికాక ఏం చేయాలో ప్రధానోపాధ్యాయుడికి ఒక్క పుటలో రాసి ఇవ్వండి, అందులో ఎనిమిదో నియమం, సెక్షన్ 64ఏ తెలుగులో ఉండాలి. పిల్లవాడి సంగతి బయటపెట్టి చికిత్సకు పంపిన బడిని "సమస్యాత్మక పాఠశాల"గా జాబితాలో వేయకండి. అలా వేసినన్నాళ్లూ ఏ ప్రధానోపాధ్యాయుడూ నోరు విప్పడు. దాచిన బడికి మంచి పేరు, చెప్పిన బడికి మచ్చ అన్న పద్ధతి మీ సమీక్షా సమావేశాల్లోనే పుడుతోంది, అక్కడే పోవాలి.

మరొకటి కూడా అడుగుతున్నాను, ఇది మాత్రం ఈ నెలలోనే చేయగలిగినది. విద్యా సంవత్సరం మధ్యలో బడి వదిలి, మరే బడిలోనూ చేరని పిల్లల పేర్లు, బడుల లెక్కలుంచే మీ యుడైస్ పోర్టల్‌లోని డ్రాప్‌బాక్సు జాబితాలో ఉన్నాయి. అందులోంచి తొమ్మిది, పది తరగతుల వాళ్లను విడదీసి, వాళ్ల టీసీ పుస్తకాల్లో కారణం గడిలో "తల్లిదండ్రుల కోరిక మేరకు" అని ఉన్న వాటిని తెప్పించి, ఆ తల్లుల దగ్గరికి మనుషుల్ని పంపించి, నిజంగా వాళ్లే కోరుకున్నారా అని అడిగించండి. కలెక్టర్లు తమ అధ్యక్షతన జరిగే జిల్లా మాదకద్రవ్యాల నియంత్రణ కమిటీ సమావేశంలో, పట్టుకున్న సరుకు కిలోల లెక్కతో పాటు, ఈ పిల్లల్లో ఎంతమంది తిరిగి బడికి వచ్చారన్న లెక్క కూడా చదివించండి.

నేను రాసిన టీసీ నకలు ఆ బడి బీరువాలోనే ఉండాలి. విచారణకు వచ్చేవాళ్లకు ఆ పుస్తకం, ఆ పుట చూపించి, అందులోని కారణం నిజం కాదని రాతపూర్వకంగా ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో వాళ్ల ఊళ్లో రెండుసార్లు వాకబు చేశాను. హైదరాబాదు వైపు పనికి పోయాడని ఒకరు, కాదు, మన్యం వైపే తిరుగుతున్నాడని ఒకరు అన్నారు. వాళ్లమ్మ గానుగ దగ్గర పని మానేసింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఉత్తరాంధ్ర